పాచి మీ పని, గార డాక్టరు పని

అద్దం ముందు నిలబడి కింది పెదవిని కిందికి లాగి చూసుకున్నారు. పళ్ల మొదట్లో పసుప్పచ్చటి పొర కనబడింది. గోటితో గీకితే కాస్త పొడి రాలింది, మిగతాది కదల్లేదు. వచ్చే నెలలోనే ఇంట్లో పెళ్లి. ఫోన్ తీసి వెతికితే నిమ్మచెక్క మీద వంట సోడా చల్లి రుద్దమని ఒకరు, ఉప్పులో నూనె కలిపి తోమమని ఇంకొకరు, బొగ్గుపొడి వాడితే వారంలో తెల్లగా మెరుస్తాయని మరొకరు. అన్నీ ఇంట్లో ఉన్నవే, పైసా ఖర్చు లేదు. ఒకసారి చేసి చూస్తే పోయేదేముంది అనిపిస్తుంది కదా?

పోయేది ఒకటుంది. పంటి మీది ఎనామిల్. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. కానీ విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, అరిగిన ఎనామిల్ మాత్రం మళ్లీ పెరగదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే పని ముగించుకుని పోతాయి. ఆరేడేళ్ల వయసు నుంచి వచ్చిన పళ్లతోనే జీవితాంతం నమలాలి. అందుకని ఏ చిట్కా అయినా నోట్లో పెట్టుకునే ముందు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తీసేది మురికినా, పన్నునా?

ముందు అక్కడ ఉన్నదేమిటో తేల్చుకోండి

పళ్ల మీద మనకు నచ్చనిదాన్నంతటినీ కలిపి "గార" అనేస్తాం. తప్పుడు వైద్యం మొదలయ్యేది ఇక్కడే. అక్కడ ఉండేవి మూడు వేరు వేరు సంగతులు.

మొదటిది పాచి. మెత్తగా, జిగటగా ఉంటుంది. నిద్ర లేవగానే నాలుకకు తగిలేది అదే. సూక్ష్మజీవులు, వాటి జిగురు కలిసిన పొర. బ్రష్షుతో పోతుంది, వేపపుల్లతోనూ పోతుంది. రెండోది గార. రోజూ తీయని పాచిలో లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడితే గార అవుతుంది. గట్టిపడడం ఒకటి రెండు రోజుల్లోనే మొదలై, రెండు వారాలు తిరిగేసరికి రాయిలా తయారవుతుంది. మూడోది రంగు. టీ, కాఫీ, పొగాకు, వక్క వల్ల పైన పట్టిన మరక కావచ్చు, పన్ను లోపలే ఉన్న రంగు కావచ్చు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. శుభ్రంగా బ్రష్ చేసుకున్నాక నాలుక కొనను కింది ముందు పళ్ల వెనక వైపు ఆనించి అటూ ఇటూ జరపండి. నున్నగా ఉంటే మంచిదే. బ్రష్ చేశాక కూడా గరుగ్గా, గట్టులా తగిలితే అది గార. పై దవడ పళ్ల బయటి వైపు, అంటే బుగ్గ తగిలే వైపు కూడా ఇలాగే చూడండి. లాలాజలం నోట్లోకి ఊరే రంధ్రాలు ఈ రెండు చోట్లకు దగ్గర్లోనే ఉంటాయి. ఖనిజాలు ముందు అక్కడే అందుతాయి కాబట్టి గార కూడా అక్కడే ముందు పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. గార ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేట్. పన్ను కూడా ప్రధానంగా కాల్షియం ఫాస్ఫేటే. గారను కరిగించేంత శక్తి ఉన్న పులుపు ఏదైనా దాని పక్కనున్న పంటినీ కరిగిస్తుంది. ఇది గార, ఇది పన్ను అన్న తేడా నిమ్మరసానికి తెలియదు. గరుకు పొడి సంగతీ అంతే. గట్టి గారను అరగదీసేలోపు చుట్టూ ఉన్న చిగురూ, పంటి మొదలూ అరుగుతాయి. ఈ ఒక్క మాట గుర్తుంటే రేపు కొత్త వీడియో ఏది వచ్చినా మీ అంతట మీరే తేల్చుకోగలరు.

ఇంటి చిట్కాలు: ఏది పరవాలేదు, ఏది వద్దు

1. నిమ్మరసం, వంట సోడా. ఎక్కువ మంది చేసేది ఇదే, ఎక్కువ చెరుపు చేసేదీ ఇదే, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. రెండూ కలిపితే బుసబుసమని నురగ వస్తుంది. గార కరుగుతోందని మనసుకు అనిపిస్తుంది. ఆ నురగ పులుపూ సోడా కలిసినందుకు పుట్టిన కార్బన్ డయాక్సైడ్. ఖాళీ గిన్నెలో కలిపినా అంతే నురగ వస్తుంది. నిమ్మరసం వాటా ఎక్కువైతే మిగిలిపోయిన పులుపు ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది, సరిగ్గా అప్పుడే మీరు దాన్ని రుద్దుతుంటారు. సోడా వాటా ఎక్కువైతే పులుపు విరిగిపోయి మిగిలేది సోడా నీళ్లే. ఇక నిమ్మకాయ దేనికి?

కాస్త లెక్క కూడా చూడండి. పులుపును పీహెచ్ అంకెతో కొలుస్తారు. 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లయినట్టు. సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం 2కు 2.5కు మధ్య ఉంటుంది. దాన్ని చెక్కతో సహా పంటి మీద రెండు నిమిషాలు రుద్దితే ఏమవుతుందో ఊహించండి.

"కానీ నిజంగానే తెల్లబడ్డాయండీ" అంటారు. కనబడతాయి, నిజమే. పులుపు తగిలిన ఎనామిల్ పైపొర గరుకు తేలి సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. పన్ను తడి ఆరినా కాసేపు తెల్లగానే కనిపిస్తుంది. ఇదే పని కొన్నాళ్లు సాగిస్తే చల్లనీళ్లు తాగినప్పుడు జివ్వుమనడం మొదలవుతుంది. ఎనామిల్ కింద డెంటిన్ అనే పొర ఉంటుంది, దాని రంగే లేత పసుపు. పైపొర పల్చబడేకొద్దీ ఆ పసుపు బయటికి కనిపిస్తుంది. తెలుపు కోసం రుద్దిన పళ్లు ఏడాది తిరిగేసరికి ఇంకా పచ్చబడితే ఆశ్చర్యం లేదు. పచ్చబడ్డాయని మళ్లీ రుద్దుతారు.

చింతపండు, ఉసిరి, వెనిగర్, కమలా తొక్క, స్ట్రాబెర్రీ గుజ్జు, అన్నిటికీ ఇదే సమాధానం. పులిహోర మానేయమని నేను చెప్పడం లేదు. తిన్న పులుపు కాసేపే ఉంటుంది, లాలాజలం దాన్ని కడిగేస్తుంది. మందులా పంటికి పట్టించి రుద్దడం వేరే సంగతి.

2. వంట సోడా ఒక్కటే. దీని మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదు. రేణువులు మెత్తనివి, పులుపు లేదు. టీ మరక లాంటి పైపై మరకలు కొంత తగ్గుతాయి. గార పోదు. ఇందులో ఫ్లోరైడ్ లేదు కనుక పేస్టు మానేసి ఇదే వాడితే పుచ్చు పళ్లకు దారి తీసినట్టే. వారానికి ఒకటి రెండుసార్లు, మెత్తటి బ్రష్షుతో, ఒత్తకుండా వాడుకోవచ్చు. బీపీ ఉన్నవారు మింగకుండా ఉమ్మేయాలి, అందులో సోడియం ఉంటుంది. ఇంకో జాగ్రత్త: తినే సోడా వేరు, బట్టల సోడా వేరు. రెండోది నోటిని కాల్చేస్తుంది. పేరు రాయని పొట్లాలను నమ్మకండి.

3. బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి. ఇప్పుడు బొగ్గు నల్లటి ట్యూబుల్లో, యాక్టివేటెడ్ చార్‌కోల్ అన్న పేరుతో ఖరీదైన సరుకుగా తిరిగి వచ్చింది. 2017లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, బొగ్గు సురక్షితమనడానికి గానీ పళ్లను తెల్లబరుస్తుందనడానికి గానీ తగినంత ఆధారం లేదని తేల్చింది. మరక పోయినట్టు కనిపించేది రాపిడి వల్ల. నల్లటి రేణువులు చిగురు అంచుల్లో, ఫిల్లింగుల చుట్టూ ఇరుక్కుని గీతలా మిగిలిపోవడం కూడా ఉంది.

"మా తాతగారు జీవితమంతా బొగ్గుతోనే తోముకున్నారు, పళ్లు ఎంత గట్టిగా ఉండేవో" అని మీ ఇంట్లోనూ అంటుంటారా? ఆ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. ఆ తరం తిన్న చక్కెర ఎంత, మనం తింటున్నది ఎంత? బిస్కట్లు, చాక్లెట్లు, కూల్ డ్రింకులు రోజుకు ఎన్నిసార్లు నోట్లో పడుతున్నాయి? వాళ్ల పళ్లను కాపాడింది చాలావరకు ఆ తిండే. ఇంకొకటి, గట్టిగా మిగిలిన తాతగారి పళ్లు మనకు గుర్తుంటాయి, నలభై ఏళ్లకే బోసినోరైన వాళ్లను మరచిపోతాం. కచ్చికతో, ఇటుకపొడితో దశాబ్దాలు తోముకున్న పెద్దవాళ్లెవరైనా దగ్గరుంటే వారి పళ్లను ఒకసారి వెలుతురులో చూడండి. చాలామందికి చిగురు పైన పంటి మొదట్లో అడ్డంగా ఒక గాడి కనిపిస్తుంది. అది అరుగుదల.

4. ఉప్పు. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం మంచి పని. చిగుళ్ల వాపు ఉన్నప్పుడు హాయినిస్తుంది. రాళ్లుప్పు నలిపి పళ్లకేసి రుద్దడం మాత్రం వద్దు.

5. హైడ్రోజన్ పెరాక్సైడ్. పళ్లను నిజంగా తెల్లబరిచేది ఇది. జాగ్రత్త కూడా దీనితోనే ఎక్కువ కావాలి. డాక్టర్లు వాడేది కూడా ఇదే, లేదా దీన్ని విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. తేడా ఎక్కడంటే, వాళ్లు మీ పంటి అచ్చుకు సరిపోయే తొడుగులో కొలిచి వేస్తారు, లేదా చిగుళ్లకు తగలకుండా కప్పి పూస్తారు. మందుల షాపులో దొరికే, పుండ్లు కడిగే సీసా తెచ్చి నేరుగా పుక్కిలిస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి మండుతాయి. పుచ్చు పన్ను ఉంటే లోపలి నరం దాకా పోటు పెడుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 0.1 శాతానికి మించి ఇది ఉన్న వైట్‌నింగ్ సరుకును నేరుగా జనానికి అమ్మనివ్వరు. 6 శాతం దాకా ఉన్నవాటిని దంతవైద్యుడి పర్యవేక్షణలోనే, అదీ 18 ఏళ్లు నిండినవారికే వాడాలి. ఆన్‌లైన్లో ఎంత శాతమో కూడా రాయని జెల్ కనిపిస్తే కొనకండి.

6. నూనె పుక్కిలించడం. నువ్వుల నూనెతో ఇలా చేయడం మనకు ఆయుర్వేదం నుంచి వచ్చిన అలవాటు. కొన్ని చిన్న అధ్యయనాల్లో పాచి కొంత తగ్గినట్టు కనిపించింది. పంటికి దీనితో చెరుపు లేదు, గార మాత్రం ఊడదు. బ్రష్ చేసుకోవడం మానకుండా, అదనంగా చేసుకుంటే మీ ఇష్టం. మింగకండి. చిన్నపిల్లలకూ, మింగడంలో తడబాటు ఉన్న పెద్దవాళ్లకూ చేయించకండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

7. వేపపుల్ల, కానుగపుల్ల. బాగా నమిలి, కొన కుంచెలా విచ్చుకున్నాక, చిగురు నుంచి పంటి కొన వైపుకు మెల్లగా దువ్వితే పాచి పోతుంది. నమలకుండా ఆ పుల్లతో అడ్డంగా రాపాడించడమే తప్పు. దవడ పళ్ల లోపలి వైపుకు పుల్ల అందదు, అక్కడికి బ్రష్షు కావాల్సిందే.

8. జామాకు, తులసి, పసుపు, అరటి తొక్క. హాని లేదు, గారకు వీటితో పని లేదు.

9. గీకే పనిముట్లు. డాక్టరు దగ్గర ఉండేలాంటి స్టీలు కొక్కేలు ఇప్పుడు ఆన్‌లైన్లో సెట్టుగా దొరుకుతున్నాయి. అవి చేతిలోకి రాగానే ఎవరికైనా ధైర్యం వస్తుంది. అద్దంలో అంతా తిరగేసి కనిపిస్తుంది, చెయ్యి జారుతుంది, చిగురు చీలుతుంది. కనిపించే గార ముక్క ఊడినా చిగురు కిందున్నది అలాగే ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా లోపలికి నెట్టబడుతుంది. పైన శుభ్రమయ్యేసరికి సమస్య తీరిందనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు. పిన్నీసు, సూది, బ్లేడు ముక్క వాడేవారూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

10. పొగాకు కలిసిన పళ్లపొడి. నోటికి తిమ్మిరి పట్టి నొప్పి తగ్గినట్టనిపిస్తే మందు పనిచేసిందనుకుంటారు, అలవాటు అక్కడే పడుతుంది. పళ్లపొడిలో, పేస్టులో పొగాకు వాడకాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. ఎక్కడైనా కనిపిస్తే కొనకండి, ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే మెల్లగా మాన్పించండి.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయట!"

చిట్కాల వెనక ఉన్న అసలు కారణం చాలాసార్లు ఈ భయమే. ఒక ఇంట్లో మాటలు ఇలా నడుస్తాయి. "మామయ్యగారూ, చిగుళ్ల నుంచి రక్తం వస్తోందన్నారు కదా, ఒకసారి పళ్లు క్లీన్ చేయించుకుందాం రండి" అంటుంది కోడలు. "వద్దమ్మా, మన వెనక వీధి పెద్దాయన చేయించుకున్నాక పళ్లన్నీ కదిలిపోయాయి, సందులు కూడా వచ్చాయి" అంటాడు ఆయన. ఆయన అబద్ధం చెప్పడం లేదు. చూసింది నిజమే. కారణమే వేరు.

గార చిగురు కిందికి పాకితే చిగురు ఎప్పుడూ వాచి ఉంటుంది. ఆ వాపు ఏళ్ల తరబడి సాగితే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతూ వస్తుంది. పన్ను వదులైనా బయటికి తెలియదు, ఎందుకంటే పక్కపక్క పళ్లను కలిపి గారే గట్టిగా పట్టి ఉంచుతుంది. గోడను తినేసిన చెదపుట్టే ఆ గోడకు ఆసరాగా నిలబడ్డట్టు. గార తీసేసరికి అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది. సందులు కూడా గార పూడ్చి ఉంచినవే. తీయకుండా వదిలేస్తే ఆ పన్ను ఇంకొన్నాళ్లకు తనంతట తనే ఊడుతుంది.

ఈ క్లీనింగ్‌లో (డాక్టర్లు దీన్ని స్కేలింగ్ అంటారు) ఏం చేస్తారో తెలిస్తే భయం సగం పోతుంది. సన్నటి కొన ఉన్న పనిముట్టు సెకనుకు వేల సార్లు కంపిస్తూ గారను పెళ్లలుగా ఊడగొడుతుంది, పక్కనే నీళ్లు చిమ్ముతుంటాయి. అది పంటిని కోయదు. వాచిన చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది, గాభరా పడక్కర్లేదు. తర్వాత కొద్ది రోజులు చల్లటివీ పుల్లటివీ జివ్వుమనిపిస్తాయి. ఇన్నాళ్లూ గార కింద దాగిన పంటి భాగానికి ఇప్పుడు గాలీ నీళ్లూ తగులుతున్నాయి కనుక అలా ఉంటుంది, సాధారణంగా తగ్గిపోతుంది. తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.

క్లీనింగ్ చేయించుకున్నాక పళ్లు మెరిసిపోతాయని ఆశపడకండి. గార, పైమరకలు పోతాయి. మీ పంటి సొంత రంగు అలాగే ఉంటుంది. తేలిక పసుపు ఛాయ ఆరోగ్యమైన పంటికి సహజం. ప్రకటనల్లో కనిపించే కాగితపు తెలుపు తొడుగులది కావచ్చు.

రంగు ఎందుకు వచ్చిందో తెలియకుండా తెల్లబరచవద్దు

నల్లగొండ వైపు పల్లె నుంచి హైదరాబాదు వచ్చి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడిని ఊహించుకోండి. ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, అక్కడక్కడా సుద్ద తెలుపు చారలు. ఇంటర్వ్యూల్లో నోరు మూసుకునే నవ్వాడు. నెలల తరబడి బొగ్గు పేస్టు, నిమ్మకాయ, ఉప్పు అన్నీ వాడాడు. మచ్చ చెక్కుచెదరలేదు, పళ్లు మాత్రం జివ్వుమంటున్నాయి. తను సరిగ్గా తోముకోడని పక్కవాళ్లు అనుకుంటారేమోనని కుమిలిపోతాడు.

అతని తప్పు ఒక్కటీ లేదు. అది ఫ్లోరోసిస్. చిన్నతనంలో, దవడల్లోపల పళ్లు తయారవుతున్న వయసులో, తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం వల్ల ఎనామిల్ నిర్మాణంలోనే ఆ మచ్చ ఏర్పడింది. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నల్లగొండ జిల్లా ఎన్నో పల్లెల్లో ఒక తరం అంతకన్నా చాలా ఎక్కువ తాగింది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును వైద్యులు గుర్తించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. మచ్చ బయట పట్టింది కాదు కనుక బయట రుద్దితే పోదు. మచ్చ లోతును బట్టి మైక్రో అబ్రేషన్, రెసిన్ పూత, వెనీర్ లాంటి పద్ధతులు దంతవైద్యుల దగ్గర ఉన్నాయి. దాచుకోకుండా వెళ్లి అడగండి.

మిగతా రంగులు త్వరగా చెప్పేస్తాను. ఒక్క పన్నే నల్లబడిందా? ఎప్పుడో దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోయి ఉండవచ్చు, ఎక్స్‌రే తీయించాలి. పళ్లన్నిటి మీద బూడిద రంగు పట్టీలా? చిన్నప్పుడు వాడిన టెట్రాసైక్లిన్ మందు కారణం కావచ్చు. ఐరన్ సిరప్ తాగే పిల్లల పళ్ల మీద నల్లటి గీతలు వస్తాయి, అవి క్లీనింగ్‌తో పోతాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ డాక్టరు రెండు వారాలకు రాస్తే మీరు ఆరు నెలలు వాడుతున్నారా? ఆ గోధుమ మరక దానిదే.

చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవారికి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మరకలు పోగొట్టుకోవడం కన్నా ముందు బుగ్గల లోపల, నాలుక కింద, అంగిట్లో వేలితో తడిమి, వెలుతురులో చూసుకోండి. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ గానీ రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే వెంటనే చూపించుకోండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని వైద్యులు ఎన్నో దశాబ్దాలుగా చెబుతున్నారు. అలాంటి అమ్మ మీ ఇంట్లో ఉంటే ఆమె అడగకపోయినా మీరే తీసుకెళ్లండి.

రోజూ చేయాల్సింది

1. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాకా ఉండవచ్చు. పెట్టె వెనక చదివి కొనండి. చిన్నపిల్లలకు పేస్టు బియ్యపుగింజంత చాలు.

2. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, రెండేసి నిమిషాలు. ఒక్కటే కుదురుతుందంటే రాత్రిదే ఉంచుకోండి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, పాచికి అడ్డుండదు.

3. బ్రష్షు కుచ్చును చిగురు, పన్ను కలిసే అంచుకు వాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టండి. కింది ముందు పళ్ల వెనక వైపుకు బ్రష్షును నిలువుగా పట్టుకోండి. బలం వద్దు. మూడు నెలలకు ముందే కుచ్చు విచ్చుకుపోతోందంటే మీరు గట్టిగా రుద్దుతున్నారన్నమాట.

4. పుల్లటివి తిన్నా, కూల్ డ్రింక్ తాగినా, వాంతి అయినా వెంటనే బ్రష్ చేయకండి. నీళ్లతో పుక్కిలించి, ఒక అరగంటైనా ఆగండి. పులుపుకు మెత్తబడ్డ ఎనామిల్ ఆ కాసేపట్లో లాలాజలంతో మళ్లీ కొంత కుదురుకుంటుంది.

5. పళ్ల సందుల్లోకి బ్రష్షు దూరదు. దారమో, సందుల కోసం దొరికే బుల్లి బ్రష్షో వాడండి. మొదటి వారం చిగుళ్ల నుంచి రక్తం వస్తే మానేయకండి. రెండు వారాలకూ ఆగకపోతే కింద గార ఉందేమో చూపించుకోండి.

6. టార్టార్ (అంటే గార) కంట్రోల్ పేస్టులు కొత్త గార పట్టడాన్ని నెమ్మదింపజేస్తాయి. పాతదాన్ని తీయవు. ముందు శుభ్రం చేయించుకుని తర్వాత వాడితేనే లాభం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

పెళ్లి దగ్గర పడిందా? ఆఖరి వారందాకా ఆగకండి. కనీసం నెల ముందు క్లీనింగ్, పుచ్చు పళ్లుంటే వాటి పని, చిగుళ్లు కుదుటపడ్డాక కావాలంటే వైట్‌నింగ్. ముందు పళ్లకు ఫిల్లింగ్ గానీ తొడుగు గానీ ఉంటే అవి తెల్లబడవని గుర్తుంచుకోండి, పక్క పళ్లు తెల్లబడితే అవి ఇంకా తేడాగా కనిపిస్తాయి. వైట్‌నింగ్ అయిన రెండు రోజులు టీ, కాఫీ, పసుపు ఎక్కువున్న కూరలు పక్కన పెట్టండి.

ఖర్చు గురించి దిగులుపడేవారికి హైదరాబాదు, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, అక్కడ చాలా తక్కువలో అవుతుంది. ప్రైవేటు డెంటల్ కాలేజీల ఆస్పత్రుల్లో కూడా బయటి క్లినిక్‌ల కన్నా తక్కువే తీసుకుంటారు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి ఖర్చుకు జడిసి స్టీలు కొక్కేల సెట్టు ఆర్డరు పెడుతుంటారు. అక్కడ కూడా యూనివర్సిటీల డెంటల్ స్కూళ్లలో, డెంటల్ హైజీన్ కోర్సులున్న కాలేజీల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో తక్కువ రుసుముకు శుభ్రం చేస్తారు. బయల్దేరే ముందు ఊళ్లోనే ఒకసారి చేయించుకుని వెళ్లడం ఇంకా తేలిక.

కుర్చీలో కూర్చోకముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, గుండె కవాటం మార్పించుకున్నా, షుగరు అదుపులో లేకపోయినా చెప్పండి. మందులు మీ అంతట మీరు ఆపకండి. షుగరు ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్లు బాగుపడితే షుగరు అదుపుకూ కొంత మేలు జరుగుతుంది. కాబట్టి వాళ్లు ఇంకా ముందే వెళ్లాలి.

గర్భిణులు మాత్రం "ఇప్పుడు పళ్ల జోలికి పోకూడదు" అన్న మాట విని ఇంట్లోనే ఉండిపోతుంటారు. ఆ నెలల్లో చిగుళ్లు మామూలుకన్నా తొందరగా వాచి రక్తం కారతాయి. అప్పుడు గార తీయించుకోవడం సురక్షితమే, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కూర్చోవడానికి కూడా తేలిగ్గా ఉంటుంది. గర్భవతినని ముందుగా చెప్పండి చాలు. పళ్లు తెల్లబరిచే పని మాత్రం కాన్పయ్యి, బిడ్డ పాలు మానేదాకా వాయిదా వేసుకోండి.